వీడియో ఆపేసి విన్న పాఠం

మా కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రాం ఆఫీసరు పదవి నాకు దక్కిన వైనం చెబితే మీరు నవ్వుతారు. 2021 ఫిబ్రవరిలో, కరోనా మొదటి విడత తగ్గి కాలేజీలు తెరిచిన రోజుల్లో, స్టాఫ్ మీటింగు జరుగుతోంది. అంతవరకూ ఆ పని చూస్తున్న కామర్సు మాస్టారికి గడువు తీరిపోయింది. ప్రిన్సిపాలుగారు కళ్లజోడు సవరించుకుని, "తెలుగువాళ్లకు ల్యాబులూ ప్రాక్టికల్సూ ఉండవు గదా!" అన్నారు. ఇరవై జతల కళ్లు ఒక్కసారి నావైపు తిరిగాయి. తెలుగు ఎం.ఏ. చదివినందుకు నాకు ఇంతవరకూ జరిగిన సత్కారాల్లో అదొకటి.

ఎన్.ఎస్.ఎస్. అంటే జాతీయ సేవా పథకం. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేలమంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పుడా సంఖ్య నలభై లక్షలకు దగ్గరగా ఉంది. కోణార్క రథచక్రం గుర్తు ఉన్న బ్యాడ్జీలు పెట్టుకుని రోడ్డు పక్కన మొక్కలు నాటే పిల్లలను మీరు చూసే ఉంటారు. వాళ్ల వెనకాల చెమట తుడుచుకుంటూ, మాటిమాటికీ తలలు లెక్కపెట్టుకుంటూ ఒక మనిషి నిలబడి ఉంటుంది. ఆ మనిషిని మాత్రం చూసి ఉండరు. ఆవిడే ప్రోగ్రాం ఆఫీసరు. ఒక యూనిటుకు వందమంది వాలంటీర్లు. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ. అది గాక, ఏదో ఒక పల్లెను ఎంచుకుని యాభైమందితో ఏడు రోజుల శిబిరం. వీటన్నిటికీ పూచీ ఒక లెక్చరరుది. పాఠాలు మానడానికి లేదు, పేపర్లు దిద్దడం మానడానికి లేదు. ఇది వాటిపైన కొసరు.

నాకు పద్యం చెప్పడం వచ్చు. దానికి అన్వయం, తాత్పర్యం చెప్పడం వచ్చు. పద్ధెనిమిదేళ్ల పరాయి పిల్లలను యాభైమందిని ముక్కూ మొహం తెలియని ఊరికి తీసుకుపోయి, ఏడు రాత్రులు పడుకోబెట్టి, మళ్లీ యాభైమందినీ లెక్కకు సరిగ్గా ఇంటికి చేర్చడం ఏ ఎం.ఏ.లోనూ చెప్పరు. అందుకే మాకు శిక్షణ అని ఒకటి పెట్టారు.

వెనకటి రోజుల్లో ఈ శిక్షణకు పెట్టె సర్దుకుని వెళ్లేవారట. మా కామర్సు మాస్టారు ఇప్పటికీ చెబుతారు: విశ్వవిద్యాలయం హాస్టల్లో బస, తెల్లవారుజామున శ్రమదానం, పగలంతా ఉపన్యాసాలు. "ఉపన్యాసాల్లో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదమ్మా, రాత్రి మెస్సులో చారు పోసుకుంటూ మాట్లాడుకున్నవే మిగిలాయి" అని ఆయన ముక్తాయింపు. అప్పుడు నేనీ మాటను పెద్దవాళ్ల పాతరోజుల మురిపెం కింద జమకట్టాను.

మా వంతు వచ్చేసరికి హాస్టలూ లేదు, మెస్సూ లేదు. 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ప్రభుత్వం దీక్ష అనే వేదిక మీద ఐగాట్ పేరిట ఇంటర్నెట్టు శిక్షణ తెరిచి, కరోనా పనిలో దిగే డాక్టర్లకూ నర్సులకూ పాఠాలు పెట్టింది. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. వాళ్లను కూడా ఆ జాబితాలో చేర్చింది. తరవాత శిక్షణలన్నీ ఆ దారే పట్టాయి. నాకు 2021 జూలైలో ఏడు రోజుల ఓరియెంటేషను వచ్చింది. పొద్దున పదికి మొదలు, సాయంత్రం నాలుగుకి సరి. స్థలం మా ఇంటి డాబా మెట్లు. సెల్‌ఫోనుకు సిగ్నలు అందేది అక్కడే మరి.

ఆ తరగతుల తీరు చెప్పమంటారా? పొద్దున్నే నూట నలభైమంది నూట నలభై "గుడ్ మార్నింగు"లు టైపు చేస్తారు. చదువుతూ ఉండగానే పది నిమిషాలు గడిచిపోతాయి. తరవాత వక్తగారు "నా మాట వినిపిస్తోందా?" అంటారు. ఎవరింట్లోనో కుక్కరు మూడు కూతలు కూస్తుంది. "దయచేసి అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి" అని కోఆర్డినేటరు మొత్తుకుంటారు. ఆ తరవాత మొహాలన్నీ ఒక్కొక్కటే మాయమై, నల్లటి గడుల్లో తెల్లటి పొడి అక్షరాలు మిగులుతాయి. చిట్టచివర అటెండెన్సు లింకు పెడతారు. అది నిమిషాల్లో మూసుకుపోతుంది. కాబట్టి తరగతి మొత్తానికీ మేమందరం నిజంగా మేలుకుని ఉండేది ఆ కాసేపే.

ఇతరులను ఎందుకు అనాలి? మూడోరోజు మధ్యాహ్నం నేనూ వీడియో ఆపేసి, ఫోనును గోడకు ఆనించి, డిగ్రీ రెండో ఏడు జవాబు పత్రాలు ముందు వేసుకున్నాను. ఆనాటి విషయం 'శిబిర నిర్వహణ, వాలంటీర్ల భద్రత'. వక్తగారు తయారు చేసుకొచ్చిన స్లైడులు చదువుతున్నారు. మంచినీళ్లు, ప్రథమచికిత్స పెట్టె, తల్లిదండ్రుల అంగీకార పత్రం, ఆడపిల్లలకు విడిగా గది... ఏదీ అబద్ధం కాదు, ఏదీ కొత్తదీ కాదు. నాకు ఒక చెవి అక్కడ, రెండు కళ్లు ఎర్రసిరా మీద.

ఉన్నట్టుండి గొంతు మారింది. వక్త గొంతు కాదు. ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఒక పెద్దాయన అడగకుండానే మైకు తెరిచి మాట్లాడుతున్నారు. ఎంతసేపటినుంచి మాట్లాడుతున్నారో నాకు తెలియదు. నేను తలెత్తేసరికి ఆయన ఇల్లా అంటున్నారు.

"...కాటు కనబడలేదండి. తెల్లవారుజామున కడుపునొప్పి అన్నాడు. అరగలేదేమో అనుకున్నాను. వాము పెట్టాను. నిద్ర వస్తోంది సార్ అన్నాడు. పడుకోరా అన్నాను. అది నిద్ర కాదండి, రెప్పలు వాలిపోతున్నాయి. కట్లపాము అల్లాగే చేస్తుందని తరవాత డాక్టరుగారు చెప్పారు. వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదండి. ఒక్క మాట అనలేదు."

అంతే. తరవాత ఆయన మైకు మూగబోయింది. నూట నలభై నల్లగడుల్లోంచి ఎవ్వరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోఆర్డినేటరు పాపం ఏమనాలో తోచక కాబోలు, "సరే మాస్టారూ, టైమయింది, అటెండెన్సు లింకు పెడుతున్నాం" అన్నారు. అందరం లింకు నొక్కాం.

ఏడో రోజున ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టారు. సరైన జవాబు పక్కన చుక్క పెట్టాలి. నాకు పద్ధెనిమిది వచ్చాయి. సర్టిఫికెట్టు ఫోనులోకి దిగింది. దానితోపాటు పంపిన ముప్ఫైపేజీల కరదీపికను తరవాత చదవచ్చులే అని దాచుకున్నాను.

2022 దసరా సెలవుల్లో మా మొదటి శిబిరం. కాలేజీకి పదహారు మైళ్ల దూరంలో, చెరువు గట్టు కింద ఊరు. మగపిల్లలకు పంచాయతీ ఆఫీసు వరండా, ఆడపిల్లలు పాతికమందికీ నాకూ ప్రాథమిక పాఠశాలలో రెండు గదులు ఇచ్చారు. బెంచీలు గోడవారకు చేర్చి, నేలమీద జంపఖానాలు పరిచాం. వానలు వెనకబట్టిన రోజులు. పిల్లల ఉత్సాహం చెప్పనలవి కాదు. పగలు కాలవ పూడిక తీశారు. రాత్రి రచ్చబండ దగ్గర నాటిక వేశారు. ఆ రాత్రి వంకాయకూర, సాంబారు. నాలుగో రోజు అది.

తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. ఒక అమ్మాయి నన్ను తట్టి లేపింది. "మేడం, కడుపులో మెలిపెడుతోంది."

నా నోటినుంచి వచ్చిన మొదటి మాట, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, "వంకాయ పడలేదేమో తల్లీ, కాస్త వాము నములు" అని. పక్కపిల్ల లేచి వాము కోసం సంచీ వెతుకుతోంది. ఈ అమ్మాయి గోడకు చేరగిలబడింది. "నిద్ర వస్తోంది మేడం. కళ్లు తెరుచుకోవడం లేదు" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

నాకు గుండె జారిపోయింది. ఆ నల్లగడిలో వినపడ్డ గొంతు అచ్చంగా చెవిలో మోగింది. టార్చి వేసి మొహం చూశాను. రెండు రెప్పలూ సగానికి వాలి ఉన్నాయి. ఎత్తమన్నాను. నుదురు ముడతలు పడుతోంది గాని రెప్ప లేవడం లేదు. కాళ్లూ చేతులూ వెతికాం. ఎక్కడా గాటు లేదు, వాపు లేదు. ఒకవేళ నేను పొరబడి ఊరంతా లేపితే నవ్వులపాలు కానా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. ఆ క్షణాన్ని దాటించింది ఆ పెద్దాయన మాటే: "పడుకోరా అన్నాను."

108కి ఫోను చేశాం. బండి పావుగంటలో వచ్చింది. ఆ పిల్లను నడవనివ్వకుండా జంపఖానా మీదే మోసుకొచ్చారు మగపిల్లలు. ఊళ్లో ఒక పెద్దమనిషి మంత్రం వేసే ఆయన ఉన్నాడని అడ్డం వచ్చాడు. "తరవాత వేయిద్దాం బాబూ" అని ఆయన్ను పక్కకు తప్పించాను. ఏరియా ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసువాడు. పరీక్ష చేసి, "కాటు కనబడటం లేదు, పామని మీకెల్లా తోచింది?" అని అడిగాడు. "ఒకాయన చెబుతుంటే విన్నానండి" అన్నాను. వెంటనే విషానికి విరుగుడు సూదిమందు ఎక్కించారు. ఎనిమిదిన్నరకి ఊపిరి బరువెక్కితే జిల్లా ఆస్పత్రికి పంపి వెంటిలేటరు మీద పెట్టారు. రెండు రోజుల తరవాత తీశారు. బతికింది.

వాళ్ల నాన్న కూలిపని చేసుకునే మనిషి. ఆస్పత్రి వరండాలో నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "మీకు అప్పజెప్పాం గదా అమ్మగారూ, అందుకే ధైర్యంగా ఉన్నాం" అన్నాడు. ఆయన ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంతలో ఊళ్లో మిగిలిన పిల్లలు బడిగదిలో బెంచీలు కదిపితే వాటి సందున కట్లపాము కనబడిందట. నల్లటి ఒంటిమీద సన్నటి తెల్ల కట్లు. దాని స్వభావం ఆ తరవాత చదివి తెలుసుకున్నాను. రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి ఉండకపోవచ్చు, గుర్తు కూడా కనిపించకపోవచ్చు. కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆపైన ఊపిరి కండరాలు పడిపోవడం దాని వరస. మన ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. గట్టిగా కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. మనిషిని కదలనీయకుండా ఆస్పత్రికి చేర్చడమే మనం చేయగలిగింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన అంచనా. 2024 మార్చిలో కేంద్రం దీనిమీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని గురి పెట్టుకుంది. పల్లెబడిలో నేలమీద పిల్లలను పడుకోబెట్టే మావంటివాళ్లకు ఇది పాఠంలో ఒక స్లైడు కింద సరిపెట్టుకునే విషయం కాదు.

అమ్మాయి ఇల్లు చేరిన వారానికి, మా శిక్షణ బ్యాచి వాట్సాపు గుంపులో వెతికి ఆ ఏజెన్సీ మాస్టారికి ఫోను చేశాను. ఎవరో, ఏమిటో చెప్పుకుని జరిగిందంతా చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. చివరికి, "బతికింది గదా!" అన్నారు. రెండుసార్లు అన్నారు. ఆ తరవాత మెల్లగా అడిగారు: "మరి దోమతెరలు కట్టలేదా అమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"దోమతెర కట్టి, అంచులు పక్క కిందికి దోపితే పాము లోపలికి రావడం కష్టం. మంచాలు దొరకనిచోట అదే దిక్కు. ఆవేళ మొదట్లోనే చెప్పానే, మీరు వినలేదా?"

వినలేదు. ఆయన ఆ మాట చెబుతున్నప్పుడు నేను ఎవడో కుర్రవాడి సంధి తప్పుకు ఎర్రసిరాతో సున్న చుడుతున్నాను. ఆయన కథలో రెండో సగం ఆ పిల్ల ప్రాణం నిలిపింది. మొదటి సగం విని ఉంటే ఆ పిల్లకు కాటే పడేది కాదేమో. ఫోను పెట్టేశాక ఆ రాత్రి కరదీపిక తెరిచి చూశాను. పదకొండో పేజీలో ఉంది, శిబిరంలో పక్కలు, దోమతెరలు అని. నిజం చెప్పాలంటే, చదివి ఉన్నా దోమల కోసమనే అనుకుని ఉందును.

ఇంటర్నెట్టు శిక్షణను తిట్టిపోయడం ఇప్పుడు మా స్టాఫ్ రూములో ఒక వేడుక. నాకు ఆ వేడుకలో కలవబుద్ధి కాదు. పాలుతాగే పిల్ల ఉన్న లెక్చరరు ఏడు రోజులు ఎక్కడికో వెళ్లి ఉండలేదు. అటువంటివాళ్లు నాతో నలుగురు తరగతిలో ఉన్నారు. పైగా ఆ ఏజెన్సీ మాస్టారూ నేనూ ఒక హాస్టల్లో, ఒక బ్యాచిలో కలుసుకునే యోగం ఉండేదో లేదో. ఆయన కొండమీద, నేను డాబా మెట్ల మీద; ఆ గొంతు నాకు చేరిందంటే దాని చలవే. నా తగాదా వేరు. ఏడు రోజుల పట్టికలో ఆయన మాట్లాడడానికి అయిదు నిమిషాలైనా ఎక్కడా లేవు. ఆయనంతట ఆయన తోసుకుని మాట్లాడారు. మాట్లాడాక ఎవరమూ ఆయనను పలకరించలేదు. మెస్సులో అయితే చారుగిన్నె పక్కన పెట్టి ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసేవారు. మరో నలుగురు తమ సంగతులు చెప్పేవారు. మా కామర్సు మాస్టారి ముక్తాయింపు నాకు అప్పుడు అర్థమయింది.

వాలంటీర్లను నడపడం ఏమిటని ఆలోచిస్తే, అందులో నిబంధనలు రవంత, మనుషులు కొండంత. పదిహేనుమంది వచ్చి పని చేస్తారు, అయిదుగురు ఫొటో కోసం వస్తారు, ఇద్దరు ఇంట్లో గొడవలు తప్పించుకోవడానికి వస్తారు. అన్నం తినకుండా పనిచేసే పిల్లను కనిపెట్టడం ఎల్లా? ఈత వచ్చని కోసే కుర్రవాణ్ణి చెరువు దగ్గరికి పోకుండా ఆపడం ఎల్లా? 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి మనం మరచిపోగలమా? వాళ్లు విహారయాత్రకు వెళ్లినవాళ్లే, వాలంటీర్లు కాదు. అయినా పిల్లలను వెంటబెట్టుకుని బయల్దేరే ప్రతి లెక్చరరుకూ నీళ్లు కనబడగానే ఆ రోజు గుర్తుకు రావాలి. ఇవి చుక్కలు పెట్టే ప్రశ్నల్లో ఇమడవు. ఎక్కడ తప్పు చేశామో చేసినవాళ్లు చెప్పాలి, చేయబోయేవాళ్లు వినాలి. తప్పు చెబితే మెమో వస్తుందన్న భయం మాలో ఉన్నంతకాలం ఎవరూ చెప్పరు కూడా.

2024లో నాకు పునశ్చరణ తరగతులు వచ్చాయి, మళ్లీ ఫోనులోనే. మొదటిరోజే కోఆర్డినేటరుగారికి విడిగా ఫోను చేసి, పది నిమిషాలు ఇమ్మన్నాను. "ఏ అంశం మీద మేడం?" అన్నారు. "నా పొరపాటు మీద" అన్నాను. ఆయన కాసేపు తటపటాయించి, భోజన విరామానికి ముందు ఇస్తామన్నారు. వీడియో తెరిచాను. ఎర్రసిరా సంగతి, వాము సంగతి, పదకొండో పేజీ సంగతి దాచకుండా చెప్పాను. చెబుతూ ఉండగా నల్లగడులు ఒకటొకటే వెలిగి మొహాలు కనబడటం మొదలైంది. నేను ఆపగానే ఒకాయన, ఎండలో ర్యాలీ తీసి ముగ్గురు పిల్లలు సొమ్మసిల్లితే నీళ్లు మాత్రమే తాగించానని, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టెలోనే ఉండిపోయాయని చెప్పారు. ఒకావిడ, శిబిరంలో ఒక అమ్మాయిని ఫోనులో వేధిస్తున్న సంగతి తనకు ఏడో రోజుగాని తెలియలేదని కళ్లు తుడుచుకున్నారు. భోజనం వేళ దాటిపోయింది. ఆవేళ అటెండెన్సు లింకు పెట్టడం కోఆర్డినేటరుగారే మరిచిపోయారు. తరవాత నలభైమంది ఆయన మీద విరుచుకుపడ్డారనుకోండి, అది వేరే కథ.

మరునాటినుంచి ఆయన తనంతట తానే రోజూ ఒక గంట తీసిపెట్టి, మమ్మల్ని పదేసిమందిని చిన్న గదులుగా విడగొట్టారు. ఆ గంట రికార్డు చేయబోమని ముందే మాట ఇచ్చారు. మిగతా పాఠాలు ఎవరికి వీలున్నప్పుడు వాళ్లు చూసుకోవచ్చు. రికార్డులు, లెక్కలు, 2023లో వచ్చిన మై భారత్ పోర్టల్లో పిల్లల పేర్లు ఎక్కించే విధానం వంటివి తెరమీద చూసి నేర్చుకోవడమే తేలిక. వెనక్కి తిప్పి రెండుసార్లు చూడవచ్చు. దానికోసం పెట్టె సర్దుకుని రైలెక్కడం దండగ.

కిందటి శిబిరానికి ముందు నేను బజారుకు వెళ్లి యాభై రెండు దోమతెరలు కొన్నాను. ఆ అమ్మాయి అప్పటికి ఫైనలియరు. తనే ముందురోజు జూనియర్లను కూర్చోబెట్టి, తెర అంచును జంపఖానా కింద చేరెడు లోపలికి ఎల్లా దోపాలో ఒక్కొక్కరిచేతా చేయించింది. పక్కలు దులపడం, చెప్పులు విదిలించి తొడుక్కోవడం, రాత్రి లేస్తే టార్చి వేయడం కూడా చెప్పింది. ఎందుకని ఒక పిల్ల అడిగితే తన కథ తనే చెప్పింది. మధ్యలో నావైపు చూసి, "మేడం వాము పెట్టబోయారు" అని నవ్వింది.

దోమతెరల బిల్లు ఆఫీసులో పెట్టాను. మా గుమాస్తాగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "శిబిరం ఖర్చుల్లో భోజనం ఉంది, ప్రయాణం ఉంది, ప్రథమచికిత్స ఉంది. దోమతెరలు ఏ పద్దు కింద రాయమంటారు మేడం?" అని అడిగారు. శిక్షణ కింద రాయమన్నాను. అల్లా కుదరదని బిల్లు వెనక్కి ఇచ్చారు.